జార్జ్ వాషింగ్టన్ బాకీ జాబులు, భూమి దావా కాగితాలు చదవడం ఎలా

జార్జ్ వాషింగ్టన్‌ను సేనాధిపతిగానో, అమెరికా తొలి అధ్యక్షుడిగానో ఎరిగిన పాఠకుడు ఆయన ఉత్తరాల సంపుటాలు తెరిస్తే పొగాకు పీపాల లెక్కలు, లండన్ వర్తకుడికి పడిన బాకీ, వసూలు కాని కౌలు, భూమిలో దిగిన ఆక్రమణదారుల మీద వేసిన దావా పుట పుటకూ ఎదురవుతాయి. వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నాన్ అనే పెద్ద కమతాన్నీ, పడమటి కొండల అవతల వేల ఎకరాల బీడు భూములనూ కలిగి ఉండి, చేతిలో రొక్కం మాత్రం ఎప్పుడూ చాలని భూస్వామి ఆ జాబులలో కనిపిస్తాడు. ఆంగ్లం చదవగలిగి, ఈ కాగితాలను సొంతంగా పరిశీలించదలచిన తెలుగు పాఠకుల కోసం రాస్తున్న పద్ధతి ఇది. బాకీ జాబు ఏదైనా ఒక పక్షం వాదనే కనుక, దాని పక్కన అవతలివాడి జాబునూ, ఖాతా పుటనూ, దస్తావేజునూ పెట్టి చదవాలన్నది ఈ పద్ధతికి మూలం. కింది మెట్లన్నీ ఆ పని కోసమే.

మొదటి మెట్టు: ఒక బాకీని గానీ, ఒక భూఖండాన్ని గానీ ఎంచుకోండి

వాషింగ్టన్ ఆర్థిక వ్యవహారాలన్నీ ఒకేసారి చదవాలని కూర్చుంటే ఎటూ తేలదు. ఒక ఋణదాతను, ఒక బాకీదారుడిని, లేదా ఒక భూఖండాన్ని తీసుకుని, ఆ వ్యవహారం మొదలైన జాబు నుంచి ముగిసిన జాబు దాకా వరుసగా పోగుచేయండి. కొత్తగా మొదలుపెట్టేవారికి రెండు వరుసలు బాగా పనికివస్తాయి: లండన్‌లోని రాబర్ట్ కేరీ అండ్ కంపెనీతో 1759 నుంచి సాగిన పొగాకు బాకీ ఒకటి, పెన్సిల్వేనియాలోని మిల్లర్స్ రన్ వాగు దగ్గరి 2,813 ఎకరాల భూమి తగాదా మరొకటి. రెండూ చక్కగా పరిష్కరించి అచ్చైన వ్యవహారాలే. రెండింటికీ తుది ఫలితం తెలుసు.

రెండో మెట్టు: కాగితాలు సేకరించి, ఏది ఎలాంటి ప్రతో గుర్తుపెట్టుకోండి

అమెరికా జాతీయ ఆర్కైవ్స్ 2013లో ప్రారంభించిన ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో వాషింగ్టన్ జాబులు ఉచితంగా దొరుకుతాయి. రాసినవారి పేరు, అందుకున్నవారి పేరు, తేదీల మధ్య కాలం ఇచ్చి వెతకవచ్చు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1968 నుంచి సాగుతున్న సంపాదక కృషి ఫలితంగా ఆ పాఠాల కింద వివరమైన పాదసూచికలు కూడా ఉన్నాయి. చేతిరాత ప్రతుల ఛాయాచిత్రాలూ, ఖాతా పుస్తకాలూ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణలో కనిపిస్తాయి. ఆ ఖాతాలను చదివి ఎత్తిరాసిన పాఠం అదే విశ్వవిద్యాలయం వారి ఆర్థిక పత్రాల ప్రాజెక్టులో ఉంది. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలలో ఉంటున్న తెలుగువారికి ఇంకొక సౌకర్యం ఉంది. మౌంట్ వెర్నాన్ వారి ఊరికి దగ్గరే, వాషింగ్టన్ వీలునామా అసలు ప్రతి ఫెయిర్‌ఫాక్స్ కోర్టు రికార్డులలోనే భద్రంగా ఉంది.

ప్రతి జాబు చివరా సంపాదకులు ఇచ్చే చిన్న సూచనను తప్పక చదవండి. 'ఏఎల్ఎస్' అని ఉంటే అది రచయిత స్వహస్తంతో రాసి సంతకం చేసి పంపిన ప్రతి. 'ఎల్‌బి' అని ఉంటే ఆయన ఇంటి జాబుల పుస్తకంలో ఎత్తిరాసుకున్న నకలు. 'డిఎఫ్' అంటే చిత్తుప్రతి. ఈ తేడాను తేలికగా తీసుకోవద్దు. 1750ల నాటి తన జాబుల పుస్తకాలను వాషింగ్టన్ స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక తీరికగా ముందు వేసుకుని భాష దిద్దించాడు కనుక, పంపిన ప్రతి దొరికినచోట నకలు మీద ఆధారపడకూడదు.

మూడో మెట్టు: తేదీని, ప్రయాణ కాలాన్ని సరిచూడండి

1752కు ముందు బ్రిటిష్ వలసలలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల అంతకుముందరి జనవరి, ఫిబ్రవరి తేదీలు పాత దస్తావేజులలో ఒక ఏడు వెనకబడి కనిపిస్తాయి. 1752 సెప్టెంబరులో పదకొండు రోజులు లెక్కలోంచి తీసేశారు. వాషింగ్టన్ సొంత వ్యవహారాలలో ఇది అరుదుగానే అడ్డు వస్తుంది గానీ, భూమికి మూలమైన పాత పత్రాలు చూసేటప్పుడు అవసరమవుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది సముద్ర ప్రయాణం. లండన్ జాబు వర్జీనియా చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది కనుక ఒకే రోజున ఇరువైపులా రాసిన జాబులు ఒకదానికొకటి జవాబులు కావు. ఏ జాబుకు ఏది జవాబో తెలుసుకోవాలంటే మొదటి వాక్యం చూడండి: 'తమరి ఫలానా తేదీ ఫేవర్ అందినది' అన్న ధోరణిలో ఉంటుంది, అక్కడ ఫేవర్ అంటే అందిన జాబే. 'ఇన్‌స్టంట్' అంటే నడుస్తున్న నెల, 'అల్టిమో' అంటే గడచిన నెల. అవతలి జాబు పోయినప్పుడు కూడా ఈ మొదటి వాక్యాన్ని పట్టుకుని అందులో ఏముందో చాలావరకు ఊహించవచ్చు. అలా ఊహించినదాన్ని మీ నోట్సులో వేరే రంగు సిరాతో రాసుకోవడం మంచిది. ఓడలు మునిగేవి, శత్రువులకు చిక్కేవి. అందుచేత ఒకే జాబును రెండు మూడు ఓడలలో పంపేవారు. ఒకే పాఠం రెండుసార్లు కనిపిస్తే రెండు జాబులుగా లెక్కపెట్టకండి. హుండీలకూ, అంటే ఫలానావారికి డబ్బు చెల్లించమని రాసే పత్రాలకూ, ఇదే పద్ధతి: మొదటిది, రెండోది, మూడోది అని ఒకే మొత్తానికి మూడు ప్రతులు రాసేవారు, వాటిలో ఒకటి చెల్లితే మిగిలినవి రద్దు.

నాలుగో మెట్టు: ఏ డబ్బో తేల్చకుండా ఏ అంకెనూ నమ్మకండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కొంచెం నిలబడి చెబుతాను. పౌండు అన్న మాట కనిపించగానే అది ఇంగ్లండు స్టెర్లింగు అనుకోకూడదు. ప్రతి వలసకూ సొంత లెక్క పౌండు ఉండేది. అన్నిటిలోనూ పౌండుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలే గానీ, విలువ వేరు. వర్జీనియాలో చట్టం ప్రకారం 100 పౌండ్ల స్టెర్లింగుకు 125 పౌండ్ల వర్జీనియా లెక్క; 1760లలో బజారు ధర ఒక దశలో 160 దాకా పోయింది. స్పానిష్ వెండి డాలరు వర్జీనియాలో ఆరు షిల్లింగులు, పెన్సిల్వేనియాలో ఏడున్నర, న్యూయార్కులో ఎనిమిది.

ఎకరా 25 షిల్లింగులని ఒక కాగితంలో ఉందనుకోండి. అవి వర్జీనియా షిల్లింగులైతే దాదాపు 4.17 డాలర్లు, పెన్సిల్వేనియావైతే 3.33 డాలర్లు. వేల ఎకరాల మీద ఈ తేడా చిన్నది కాదు. కనుక ప్రతి అంకె పక్కనా 'స్టెర్లింగు', 'వర్జీనియా', 'పెన్సిల్వేనియా', 'కాగితపు డబ్బు' అని నాలుగింటిలో ఒకటి రాసుకోండి. తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఈనాటి డాలర్లలోకి, రూపాయలలోకి మార్చి చెప్పాలన్న ఉబలాటాన్ని అణచుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ బాకీని అదే ఏటి పంట రాబడితో పోలిస్తే ఎక్కువ సంగతి తెలుస్తుంది.

యుద్ధకాలపు కాగితపు డబ్బు మరో చిక్కు. విలువ పడిపోయిన నోట్లతో పాత బాకీలు తీర్చేయడానికి వర్జీనియాలో బాకీదారులు ఎగబడ్డారు. అప్పుడు ఋణదాత స్థానంలో ఉన్న వాషింగ్టన్, తన బాండ్లకు, అంటే బాకీ పత్రాలకు, పౌండుకు షిల్లింగు చొప్పున మాత్రమే గిట్టుతున్నదని 1779 ఆగస్టులో మౌంట్ వెర్నాన్ చూసుకునే లండ్ వాషింగ్టన్‌కు కోపంగా రాశాడు. ఇంగ్లండు వర్తకుల బాకీలకు మాత్రం 1783 పారిస్ సంధి నాలుగో అధికరణం స్టెర్లింగులో పూర్తి విలువ వసూలు చేసుకునే హక్కు ఇచ్చింది. 1796లో వేర్ వర్సెస్ హిల్టన్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కునే నిలబెట్టింది. మామగారు జాన్ వేల్స్ బాకీలు నెత్తిన పడి, వాటి కోసం భూములు అమ్మి, చివరికి విలువలేని నోట్లు చేతికొచ్చిన థామస్ జెఫర్సన్ జాబులు చదివేవారికి ఈ అధికరణం ఇంకా ఎక్కువ అవసరం.

ఐదో మెట్టు: ఆయన ఏ హోదాలో రాస్తున్నాడో చూడండి

1759 మే 1న వాషింగ్టన్ రాబర్ట్ కేరీ కంపెనీకి రాసిన జాబు ముందు పెట్టుకోండి. మార్తా కస్టిస్‌తో తన వివాహానికి పాదిరి ఇచ్చిన ధ్రువపత్రం జతచేస్తూ, ఆమె మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ ఎస్టేటు వ్యవహారాలన్నీ ఇకమీదట తనకే రాయవలసిందని అందులో కోరాడు. పైకి పరిచయ లేఖలా ఉన్న ఈ జాబుతో ఒక పెద్ద ఆస్తి యాజమాన్యం చేతులు మారింది. అప్పటి నుంచి లండన్ ఖాతాలు మూడు: వాషింగ్టన్ సొంతది, మార్తా పిల్లలైన జాన్ పార్క్ కస్టిస్‌ది, మార్తా పార్క్ కస్టిస్‌ది. పిల్లల ఖాతాలకు ఆయన సంరక్షకుడు మాత్రమే, వాటికి కోర్టుకు లెక్క చెప్పాలి. ఒక పొగాకు పీపా ఏ ఖాతాకు జమ అయిందో చూడకుండా బాకీ పెరిగిందనో తగ్గిందనో తేల్చకండి.

ఆరో మెట్టు: బాకీ జాబును ఖాతాతో కలిపి చదవండి

పొగాకు వ్యాపారం సాగిన తీరు ముందుగా తెలిసి ఉండాలి. రైతు తన పీపాలను లండన్ ఏజెంటు పేరిట ఓడ ఎక్కిస్తాడు. ఓడ కిరాయి, సుంకం, బీమా, ఏజెంటు కమిషను అన్నీ రైతు నెత్తినే. అవన్నీ పోను మిగిలినది ఖాతాలో జమ. ఆ జమ మీద బట్టలు, పనిముట్లు, బండి, గాజు సామాను అన్నీ ఏజెంటే కొని పంపి ఖర్చు రాస్తాడు. పంట బాగా లేని ఏడు ఖర్చు జమను మించి బాకీగా మిగులుతుంది, దాని మీద వడ్డీ మొదలవుతుంది.

ఇప్పుడు 1764 ఆగస్టు 10 నాటి జాబు చూడండి. సుమారు 1,800 పౌండ్ల స్టెర్లింగు బాకీ గురించి హెచ్చరిక అందాక రాసిన జవాబు ఇది. పంటలు చెడడం, తనకు రావలసిన డబ్బు రాకపోవడం, తాను పంపిన హుండీలు చెల్లక తిరిగి రావడం కారణాలుగా చూపి, ఇదంతా దురదృష్టమే గానీ తన దుర్వ్యయం కాదని వాదిస్తాడు. ఆ వాదన నిజమా కాదా అన్నది ఆ జాబులో దొరకదు. అంతకుముందరి ఐదేళ్లలో ఆయన లండన్ నుంచి తెప్పించుకున్న సరుకుల పట్టీలు తెరిచి, కేరీ ఖాతాలో రెండు పుటలూ చూడండి. ఆ ఖాతా పుస్తకాలలో ఎడమ పుట ఖర్చు, అంటే ఆ పేరుగల మనిషి వాషింగ్టన్‌కు ఇవ్వవలసినది. 'కాంట్రా' అని ఉండే కుడి పుట జమ. మన చిట్టా, ఆవర్జా చూసిన అలవాటు ఉన్నవారికి ఇది రెండు పుటలలోనే పట్టుబడుతుంది. పంట చెడిన ఏళ్లలో కూడా ఇంటి సామాను పట్టీలు ఎంత పొడవున్నాయో గమనిస్తే ఆ వాదనలో ఎంత పాలు నమ్మదగినదో మీరే నిర్ణయించుకోగలరు.

నాసి సరుకు, తాతలనాటి ఫ్యాషన్ వస్తువులు అంటగట్టారని 1760 సెప్టెంబరు 28న ఆయన చేసిన ఫిర్యాదు సరదాగా ఉంటుంది. దాన్ని సరదాగానే తీసుకుని వదిలేసేవారు చాలామంది. ఖాతాతో కలిపి చదివితే అది ధర తగ్గింపు కోసం సాగే బేరం. ఇలాంటి ఫిర్యాదు కనిపించిన ప్రతిచోటా తరువాతి ఖాతాలో ఏమైనా తగ్గించారా అని వెతకండి.

బాకీ ఎలా ముగిసిందో తెలుసుకోవాలంటే వ్యాపారపు జాబులు చాలవు. పొగాకు వదిలి 1760ల నడుమ గోధుమకు మారినా లండన్ బాకీ వెంటనే తీరలేదు. 1773 జూన్ 19న సవతి కూతురు ప్యాట్సీ (పైన చెప్పిన మార్తా పార్క్ కస్టిస్) పదిహేడేళ్ల వయసులో మూర్ఛ వచ్చి చనిపోయింది. మరునాడు బంధువు బర్వెల్ బాసెట్‌కు వాషింగ్టన్ రాసిన జాబులో దుఃఖం తప్ప డబ్బు మాట లేదు. ఆ ఏడాది నవంబరులో కేరీకి రాసిన జాబులో ఆమె వాటా సొమ్ముతో బాకీ తీర్చే ఏర్పాటు కనిపిస్తుంది. ఈ రెండు జాబులూ మీ వరుసలో పక్కపక్కనే ఉండాలి.

ఏడో మెట్టు: బాండు మీది అంకె అసలు బాకీ కాదు

ఆనాటి బాండులో బాకీ మొత్తానికి రెట్టింపు రాయడం వాడుక. 'వెయ్యి పౌండ్లకు కట్టుబడి ఉన్నాను' అని పైన ఉంటుంది. కిందికి వస్తే 'ఫలానా తేదీకి అయిదు వందలు వడ్డీతో చెల్లిస్తే ఈ బాండు రద్దు' అన్న షరతు ఉంటుంది. బాకీ అయిదు వందలే, పై అంకె జరిమానా. కోర్టు పుస్తకాల సూచికలలో మాత్రం పై అంకె ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి సూచిక చూసి లెక్క కట్టకండి.

చిన్న అప్పులకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. 1789 మార్చి 4న వాషింగ్టన్ అలెగ్జాండ్రియాకు చెందిన రిచర్డ్ కాన్వేను 500 పౌండ్లు వడ్డీకి అడిగాడు. పంటలు సరిగా లేకపోవడం వల్ల తాను ఎన్నడూ అనుకోని పని చేయవలసి వచ్చిందని, ఊళ్లో ఉన్న బాకీలు తీర్చకుండా రాష్ట్రం విడిచి వెళ్లడం తనకు చాలా కష్టంగా ఉందని రాశాడు. రెండు రోజులకే దారి ఖర్చులకు మరో వంద అడిగాడు. ఏప్రిల్ 30న న్యూయార్కులో అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన మనిషి ఈయనే. మొదటి జాబు ఒక్కటే ఉదహరించి 'అయిదు వందలు తీసుకున్నాడు' అని రాసేవారు రెండోది చూడలేదన్నమాట.

ఎనిమిదో మెట్టు: భూమి కాగితాలను మూడు అంచెలుగా విడదీయండి

వలసకాలపు వర్జీనియాలో భూమి హక్కు మూడు అంచెలలో వచ్చేది: ఇన్ని ఎకరాలు పొందవచ్చునన్న వారంటు, ఆ ఎకరాలు ఫలానా చోట అని కొలిచి రాసిన సర్వే, చివరికి గవర్నరు సంతకంతో పట్టా. జాబులో 'నా భూమి' అని ఉన్నంతమాత్రాన పట్టా ఉందని అనుకోకండి. ఆ తేదీకి ఏ అంచె దాటిందో చూడండి.

మిల్లర్స్ రన్ వరుస ఇందుకు మంచి పాఠం. 1763లో రాజు వెలువరించిన ప్రకటన కొండల పడమట భూములు తీసుకోవడాన్ని నిషేధించింది. 1767 సెప్టెంబరులో సర్వేయరు విలియం క్రాఫర్డ్‌కు రాసిన జాబులో, ఆ ప్రకటన ఇండియన్లను, అంటే అమెరికా ఆదివాసులను, శాంతపరచడానికి తాత్కాలికంగా చేసిన ఏర్పాటేనని తన అభిప్రాయం చెప్పి, వేటకు వెళ్తున్నట్టుగా కనిపిస్తూ గుట్టుగా మంచి భూములు గుర్తించమని కోరాడు. ఆ తరువాత కెప్టెన్ జాన్ పోసీ నుంచి 3,000 ఎకరాల హక్కును కొన్నాడు. 1771లో క్రాఫర్డ్ కొలిచాడు. 1774 జులైలో లార్డ్ డన్‌మోర్ సంతకంతో వర్జీనియా పట్టా వచ్చింది. ఈ మధ్యలోనే, 1773లో, కొన్ని కుటుంబాలు అక్కడ స్థిరపడి అడవి కొట్టి సాగు మొదలుపెట్టాయి. సర్వేకూ పట్టాకూ నడుమ ఉన్న ఈ మూడేళ్లే తగాదాకు మూలం. తరువాత రాష్ట్రాల సరిహద్దు తేలి ఆ నేల పెన్సిల్వేనియాకు చెందడంతో వర్జీనియా పట్టా పెన్సిల్వేనియా కోర్టులో నిలవాలి.

1784 సెప్టెంబరు 20న వాషింగ్టన్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. ఎకరా 25 షిల్లింగుల చొప్పున మూడు వాయిదాలలో వడ్డీతో కొనుక్కోండి, లేదా 999 ఏళ్ల కౌలుకు తీసుకోండి అన్నాడు. వారు ఒప్పుకోక దావాకే సిద్ధపడ్డారు. ఈ సంగతి జాబులలో కన్నా ఆయన దినచర్య పుస్తకంలో (డైరీలో) వివరంగా ఉంది. కనుక భూమి వరుసలో దినచర్యను తప్పక చేర్చండి.

దావా నడిపిన న్యాయవాది థామస్ స్మిత్‌తో 1785, 1786లలో సాగిన జాబులు ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోస్తాయి. స్మిత్ తన కక్షిదారుడి గొప్పదనాన్ని పక్కనబెట్టి, ఏ కాగితం ఉంది, ఏది లేదు, ఏ సాక్షి బతికి ఉన్నాడు అని అడుగుతాడు. ముఖ్య సాక్షి కావలసిన క్రాఫర్డ్ 1782లోనే ఇండియన్ల చేతిలో చనిపోయాడు. అందువల్ల ఆయన పాత జాబులే సాక్ష్యాలయ్యాయి. ఈ జాబులు చదివేటప్పుడు ఒక కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి, న్యాయవాది అడిగినది, వాషింగ్టన్ చూపినది, చూపలేకపోయినది రాయండి. కేసు బలహీనత మూడో గడిలో కనిపిస్తుంది. ఆక్రమణదారుల తరఫున హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్ వాదించాడు. స్వాధీనం కోసం ఒక్కొక్కరి మీద వేరు వేరుగా దావా వేయవలసి రావడంతో కోర్టు రికార్డులలో ఒకే తగాదా చాలా కేసులుగా ఉంటుంది. 1786 అక్టోబరులో తీర్పు వాషింగ్టన్ పక్షాన వచ్చింది. పదేళ్లకు, 1796లో, ఆ భూమిని 12,000 డాలర్లకు అమ్మాడు.

తొమ్మిదో మెట్టు: బాకీ కింద లెక్కకట్టిన మనుషుల పేర్లు వదిలేయకండి

ఈ కాగితాలలో బానిసలుగా బంధించిన మనుషులు ఆస్తి పట్టీలలో, హామీ పత్రాలలో, బాకీ తీర్చే ప్రతిపాదనలలో ఇంటిపేరు లేకుండా ఒట్టి పేర్లుగా కనిపిస్తారు. ఆ పేర్లకు మీ నోట్సులో ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించండి. ఒక జాబులో ధర పక్కన ఉన్న పేరే మరో పట్టీలో వృత్తితోనో, పిల్లలతోనో మళ్లీ కనిపించవచ్చు.

ఒక్క జాబుతో తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో కూడా ఇక్కడే తెలుస్తుంది. మెర్సర్ కుటుంబం నుంచి వాషింగ్టన్‌కు పాత బాకీ రావలసి ఉంది. దాని కింద బానిసలను తీసుకోమని జాన్ ఫ్రాన్సిస్ మెర్సర్ అడిగితే, 1786 సెప్టెంబరు 9న జవాబు రాస్తూ, తప్పనిసరి పరిస్థితి వస్తే తప్ప ఇకమీదట ఒక్క బానిసను కూడా కొనే ఉద్దేశం లేదని, చట్టం ద్వారా బానిసత్వం క్రమంగా అంతం కావాలని తన కోరిక అని చెప్పాడు. ఎక్కడ చూసినా ఉదహరించేది ఈ జాబునే. అదే బాకీ వరుసలో అదే ఏడు నవంబరు జాబులు కూడా చదవండి. డబ్బు వచ్చే దారి కనిపించక, అయిష్టంగానైనా, బాకీ కింద మనుషులను తీసుకునే విషయం ఆయన చర్చిస్తున్నాడు. సెప్టెంబరు జాబు ఉదహరించేవారు నవంబరు జాబులనూ పక్కన పెట్టాలి.

పదో మెట్టు: మీ పట్టిక ఎలా ఉండాలి

ఎంచుకున్న వరుసలో ఒక్కో కాగితానికీ ఒక్కో అడ్డు వరుస కేటాయించండి. తేదీ, ఎవరు ఎవరికి, ఏ హోదాలో, ప్రతి ఏ రకం, ఏ జాబుకు జవాబు, మొత్తం ఎంత, ఏ డబ్బు, జతచేసిన కాగితాలు, ఖాతాలో సరిపోయే పుట అన్నవి నిలువు గళ్లు. జతచేసిన కాగితం దొరకనప్పుడు ఆ గడిని ఖాళీగా ఉంచకుండా 'లేదు' అని రాయండి. చూడలేదా, చూసినా దొరకలేదా అన్నది ఆరు నెలల తరువాత మీకే గుర్తుండదు. చేతిరాతలో చదవలేని మాట వస్తే ఊహించి నింపకుండా చుక్కలు పెట్టి, అచ్చు పాఠం చూసి నింపండి. అంకెల విషయంలో ఈ నియమాన్ని మరింత గట్టిగా పాటించాలి, ఎందుకంటే ఆ చేతిరాతలలో 1, 7 ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అచ్చు పాఠానికీ ఖాతా పుటకూ అంకె తేడా వస్తే రెండూ రాసుకుని, ఛాయాచిత్రం తెరిచి చూసేదాకా ఏదీ కొట్టివేయకండి.